బొడ్డు మీద బూడిద

శావల్యాపురం పక్క పల్లెలో హనుమాయమ్మ చేతుల్లో పుట్టని పిల్లలు తక్కువ. రాళ్లు కొట్టే బ్రహ్మయ్య భార్య ఆమె, ఊరి మంత్రసాని. మనిషి మాత్రం ఎప్పుడూ సగం కలలోనే ఉండేది. మిరపకాయలు కోస్తూ కోస్తూ ఆగిపోయేది. పుట్టబోయే పిల్లలంతా వినుకొండ కొండ మీద కూర్చుని, తను ఎప్పుడు పిలుస్తుందా అని చూస్తున్నట్టు కనిపించేవారట. అలాంటి మనిషిని కూలికి పిలిచిన ఆసామి తల బాదుకోవాల్సిందే.

ఆ కలలో ఇద్దరు మాత్రం దిగివచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లిపోయేవారు. వాళ్లు కూతురు అంజమ్మ బిడ్డలు. ఇద్దరూ బంగారంలా పుట్టి, పురుడు నీళ్లు పోసే రోజు రాకముందే పాలు మానేశారు. దవడలు బిగుసుకుని, ఒళ్లు కొయ్యబారి పోయారు. గాలి సోకిందన్నారు ఊళ్లో. ఇప్పుడు అంజమ్మ మళ్లీ కడుపుతో పుట్టింటికి వచ్చింది.

"ఈసారీ బిడ్డ నిలవకపోతే మా అత్త ఆయనకి మారుమనువు చేసుద్దంటమ్మా" అంది.

కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. ప్రేమమ్మ అనే నర్సు ఊరూరా తిరిగి, పురిట్లో పోయిన పిల్లల గురించి మంత్రసానుల్ని ఆరా తీస్తుండేది. హనుమాయమ్మనూ అడిగింది, బొడ్డు కోశాక ఏం పెడతావని.

"పిడక బూడిద. ఇంకేం పెడతారమ్మా?"

"బొడ్డు పచ్చిపుండు పెద్దమ్మా. పేడలో విషం ఆ పుండులోంచే లోపలికి పోతుంది. దవడలు బిగిసేది అందుకే."

హనుమాయమ్మ నర్సు పెట్టిన తరగతులకు వినుకొండ వెళ్లింది. కత్తెర, దారం, సబ్బు ఉన్న రేకుపెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగొస్తుంటే, కొండ మీది ఆ ఇద్దరూ ఆమె చేతుల వైపే చూస్తున్నారు. నర్సు చెప్పిన సంగతి కూతురికి మాత్రం చెప్పలేకపోయింది.

అంజమ్మకు నొప్పులు వచ్చిన పొద్దున, హనుమాయమ్మ కత్తెరను కాగే నీళ్లలో బాగా ఉడికించింది. తీసి, కళ్లకద్దుకుని, పసుపు రాసి బొట్టు పెట్టింది. కొత్త పనిముట్టు పనిలోకి దిగుతుంటే బొట్టు పెట్టకుండా ఎలా ఉంటుంది! ఆడపిల్ల పుట్టి కేరుమంది. బొడ్డు కోయబోతూ కత్తెర మీద తడి కుంకుమ చూసి హనుమాయమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఉడికించిందంతా దండగైంది. బిడ్డను బొడ్డుతాడుతోనే తల్లి పొట్ట మీద పడుకోబెట్టి, కత్తెర కడిగి మళ్లీ పొయ్యి మీద వేసింది.

"బొడ్డు కోయకుండా అట్టా కూసున్నావేందే? మతి పోయిందా?" పక్కింటి వెంకమ్మ బూడిద చిప్ప పట్టుకుని అరిచింది.

"ఆ చిప్ప అవతల పారెయ్ వదినా!"

నీళ్లు మరిగేదాకా ఎవరెన్ని తిట్టినా కదల్లేదు. తర్వాత బొడ్డు కోసింది. దాని మీద ఏమీ పెట్టలేదు.

ఆ తర్వాత ఆమె వేరే కాన్పుల పిలుపులకు వెళ్లలేదు, కలలూ కనలేదు. బిడ్డ పాలు తాగేటప్పుడు కదిలే ఆ చిన్న దవడనే చూస్తూ కూర్చుంది. పురుడు రోజు వచ్చింది. నీళ్లు పోయడానికి బట్టలు విప్పుతుంటే బిడ్డ నోరంతా తెరిచి ఏడ్చింది.

అంజమ్మ ఆ నోటినే చూస్తూ అడిగింది. "అమ్మా, ఆ ఇద్దరికీ బూడిద పెట్టకుండా ఉంటే బతికేవోళ్లా?"

గాలి సోకిందనే మాట హనుమాయమ్మ నాలుక చివరదాకా వచ్చింది.

"బతికేవోళ్లేనే తల్లీ. నా చేత్తోనే పెట్టా."

అంజమ్మ గోడవైపు తిరిగి చానాసేపు ఏడ్చింది. హనుమాయమ్మ నీళ్ల కాగు పక్కన పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది గానీ, బిడ్డను ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. ఆఖరికి అంజమ్మే లేచింది. బిడ్డను తెచ్చి తల్లి కాళ్ల మీద పడుకోబెట్టింది.

"నీళ్లు చల్లారిపోతన్నయ్. పొయ్యమ్మా."