పెళ్లికి ముందే పెట్టించిన టోప్లీలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నన్ను సూరత్‌కు స్టాఫ్ రిపోర్టర్‌గా వేశారు. మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ కుటుంబాల కబుర్లు మా తెలుగు దినపత్రికకు పంపడం నా పని. ఏప్రిల్‌లో ఆదివారం అనుబంధానికి ముఖపత్ర కథనం దొరికింది.

సూరత్ శివారు డిండోలిలో హమ్లీబాయి అనే లంబాడీ పెద్దావిడ మనవరాలు సరిత పెళ్లికోసం ఏడాదిగా అద్దాలు, గవ్వలు కుట్టి లంగా, రవిక, ముసుగు సిద్ధం చేసింది. ఊరంతా పాలియెస్టర్ చీరలు నేసేచోట ఆ చేతికుట్టు ఎరుపు చూసి నాకు, ఫొటోగ్రాఫర్ జిగ్నేశ్‌కు కాళ్లు నేల మీద ఆగలేదు. పెళ్లికి ఇంకా పదిరోజులుంది.

అది గురువారం. అనుబంధం పేజీ సాయంత్రం నాలుగింటికి విడుదల. అంటే ముద్రణ కేంద్రాలకు ఫైలు వెళ్లిపోతుంది, ఆ తర్వాత మార్పులుండవు. మేం వెళ్లేసరికి హమ్లీబాయి కిరాణాకు పోయింది. సరిత ఆ పెళ్లిబట్టలన్నీ వేసుకుని నిలబడింది. పెట్టెలో చెంపల పక్కన జుట్టుకు కట్టే వెండి టోప్లీలు కనిపించాయి. అవీ పెట్టుకుంటే నిండుగా ఉంటుందన్నాను.

“నానమ్మ తిడ్తది సార్,” అని నవ్వుతూనే కట్టుకుంది. ఫొటో అద్భుతంగా వచ్చింది. అక్కడి నుంచే డెస్కుకు పంపేశాను.

మూడున్నరకు హమ్లీబాయి గుమ్మంలోకి వచ్చి సంచీ కింద పడేసింది.

“ఏంది సారూ గిది! టోప్లీలు పెండ్లయినోళ్లు పెట్టేటియి. గిది పేపర్ల పడితే పిల్లగాని తండా ఏమంటది? ఈ పిల్లకు ఆల్రెడీ పెండ్లయిందంటరు! సదువుకున్నోనివి, జర అడగొద్దా?”

సరిత గబగబా టోప్లీలు విప్పేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను అనుబంధం ఇన్‌చార్జికి ఫోన్ చేశాను. అంత మంచి బొమ్మ తీసేయమంటావా, మతి ఉందా అన్నాడు. ఒక ఆడపిల్ల సంబంధం చెడుతుందని చెప్పాను. పదిహేను నిమిషాల్లో ఇంకోటి పంపమన్నాడు.

హమ్లీబాయి మనవరాలి ముసుగు సర్ది, టోప్లీలు తన ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. “ఇగ తియ్యి బేటా. జల్దీ!” అంది జిగ్నేశ్‌తో.

నాలుగింటికి ఆరు నిమిషాల ముందు ఫొటో చేరింది. ఆదివారం అదే అచ్చయింది. ముసలావిడ ఒళ్లో వెండి, పెళ్లికూతురి చెంపలు ఖాళీ. మొదటిదానికంటే మెరుగ్గా ఉంది.

అప్పటిదాకా ఫొటోకు ముందు పేరు, వయసు, ఊరు అడిగేవాణ్ని. రిటైరయ్యేదాకా ఇంకొకటి కలిపి అడిగాను: ఈ బట్టల్లో, నగల్లో ఈ మనిషి ఇంకా వేసుకోకూడనిది ఏది?