గ్రాఫిక్స్ కార్డుకు పట్టిన సాంబ్రాణి పొగ

ఊపిరినిచ్చి, ఆ ఊపిరిని మాటగా మార్చుకునే నాలుకనిచ్చి, ఆ మాట చేరడానికి ఎక్కడో ఒక చెవిని కూడా సిద్ధం చేసి ఉంచే కొండగట్టు అంజన్నకు ముందుగా నా దండం. ఆయన కొలువులో కూర్చుని చదవడం, పాడటం తప్ప నాకు పెద్ద చదువు లేదు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది అక్కడ అబ్బిందే. తప్పులుంటే నావి, మంచి ఏదైనా ఉంటే ఆయనది. స్వామీ, నీకు జయం.

మాది సిరిసిల్ల. సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, చెడిపోతే బాగుచేయడం నా పని. శనివారం సాయంత్రాలు భజన మండలిలో పురాణం చదువుతాను. పెళ్లి చేసుకోలేదు. ఉన్నది ఒకటిన్నర గది ఇల్లు. గోడకు అవతల సాంచాల షెడ్డు. పొద్దంతా ఆ చప్పుడు గోడలోంచి వస్తూనే ఉంటుంది. కొత్తవాళ్లు వస్తే మాట వినపడక చెవి దగ్గర పెడతారు. నాకు మాత్రం ఆ చప్పుడు ఆగినప్పుడే ఇంట్లో ఎవరూ లేరని తెలుస్తుంది.

నాకు ఒక్కడే తమ్ముడు. ఖతార్‌లో, పెద్ద పెద్ద బిల్డింగులకు ఏసీ గొట్టాలు బిగించే కంపెనీలో పని. అతని భార్య, బిడ్డ కోరుట్లలో ఆమె పుట్టింటి దగ్గర ఉంటారు. మూడేళ్ల క్రితం అమ్మ పోయినప్పుడు తమ్ముడు రాలేదు. కంపెనీ సెలవు ఇవ్వలేదన్నాడు. ఊళ్లో అడిగినవాళ్లందరికీ నేనూ అదే చెప్పాను. పాడెకు నాలుగో భుజంగా పక్కింటాయన వచ్చాడు.

ఆ తర్వాత మా మధ్య మాట సన్నబడింది. వారానికోసారి ఫోన్ చేసేవాడు.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న. ఎండలున్నయా?"

"ఉన్నయ్."

ఇక ఎవరు ముందు ఫోన్ పెట్టేస్తారా అని ఇద్దరం ఎదురుచూసేవాళ్లం. గొడవేదైనా ఉంటే కాళ్లు పట్టుకునైనా తీర్చుకునేవాడిని. గొడవ లేదు. ఏమీ లేదు. చిన్నప్పుడు ఒకే బొంతలో పడుకుని తెల్లారేదాకా గుసగుసలాడిన తమ్ముడు మళ్లీ నాతో మాట్లాడాలని రోజూ స్వామిని అడిగేవాడిని. ఆ ఒక్కటే అడిగేవాడిని.

ఏడాది తర్వాత సెలవు మీద వచ్చాడు. నా దగ్గర రెండు రోజులున్నాడు. అమ్మ ఫొటో ఉన్న గోడవైపు చూడలేదు. తిరిగి వెళ్లేముందు, కోరుట్లలో ఒక నెట్ సెంటర్ మూసేస్తుంటే అందులోంచి పాత కంప్యూటర్ ఒకటి కొని తెచ్చి నా గదిలో పెట్టాడు. ఉన్న ఒక్క ప్లగ్గు దేవుడి అర పక్కనే కాబట్టి అక్కడే పెట్టాడు.

"అన్నా, గిండ్ల లారీల ఆట ఏసిన. శుక్రవారం నాకు ఛుట్టీ. నేను ఆడ నా ల్యాప్‌టాప్‌ల నడుపుత, నువ్వు గీడ నడుపు. మైకుల మాట్లాడుకోవచ్చు."

ఆటలు కాలాన్ని తినే చెదలని మండలిలో నేనే ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఆ మాట నోటిదాకా వచ్చింది. అతని ముఖం చూసి మింగాను.

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు మొదలుపెట్టేవాళ్లం. ఏదో చలిదేశం రోడ్లు. అతని లారీ ముందు, నాది వెనుక. పాత కంప్యూటర్‌కు అంత బొమ్మను గీసే శక్తి లేదు. రోడ్డు ముక్కలు ముక్కలుగా కదిలేది. నేను స్టీరింగ్ తిప్పిన రెండు క్షణాలకు లారీ తిరిగేది. అప్పటికి మలుపు అయిపోయేది.

"అన్నా, ఏడున్నవ్?"

"గీడనే. గడ్డిల ఉన్న."

"రోడ్డు మీదికి రా. గడ్డిల బర్లు మేస్తయ్, లారీలు గాదు."

నవ్వాడు. అమ్మ పోయాక అతని నవ్వు వినడం అదే మొదలు. తర్వాత తన లారీని రోడ్డు పక్కన ఆపి, రెండు వైపుల లైట్లూ మిణుకు మిణుకుమనేట్టు వేసి, నేను వచ్చేదాకా ఆగాడు. ఆ లైట్లను గురి పెట్టుకుని మెల్లగా రోడ్డెక్కాను. మరునాడే మండలిలో ఒక మిత్రుణ్ణి అడిగితే, కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే బొమ్మ సాఫీగా కదులుతుందని చెప్పాడు.

వేములవాడలో బస్సు మారి జగిత్యాల వెళ్లాను. కంప్యూటర్ల షాపాయనకు నా వయసే ఉంటుంది. నా నుదుటి సింధూరం వైపు ఒకసారి, చేతులకున్న గ్రీజు వైపు ఒకసారి చూశాడు.

"కొడుక్కా అన్నా?"

"నాకే. లారీ నడపాలె."

"లైసెన్సున్నదా మరి?" అని నవ్వుతూ మూడు కార్డులు బల్ల మీద పెట్టాడు. మొదటిది మూరెడు పొడవు, మూడు ఫ్యాన్లు. నా కంప్యూటర్ వివరాలు అడిగి దాన్ని తనే వెనక్కి తీశాడు. "నీ డబ్బల గిది పట్టదు. పట్టిచ్చినా నీ పాత పవర్ సప్లై దీని కడుపు నింపలేదు."

రెండోది వాడినది, చవక. ఎవరి దగ్గరో నెలల తరబడి ఆపకుండా నడిచిందట. వేలితో దాని ఫ్యాను తిప్పి వదిలాను. ఆగేముందు సన్నగా గరగరలాడింది. మూడు షిఫ్టులూ తిప్పిన సాంచ బేరింగు చేసే చప్పుడే అది. తల అడ్డంగా ఊపాను. "దొంగ దొరికిండు. నీకు చెవులున్నయే!" అన్నాడు షాపాయన.

మూడోది కొత్తది. చిన్నది, రెండు ఫ్యాన్లు. వేరే కరెంటు వైరు కూడా అక్కర్లేదు, గుచ్చిన చోటి నుంచే కావలసినంత తీసుకుంటుంది. ఇంత తక్కువ అడిగే వస్తువు మీద నాకు మొదటి నుంచీ గౌరవం. దాన్నే తీసుకున్నాను.

తిరుగు దారిలో కొండగట్టు దగ్గర దిగాను. కొత్త బండి కొన్న ప్రతివాడూ పూజ చేయించేది అక్కడే కదా. వరుసలో ఆటోలు, ఒక ట్రాక్టరు, వాటి మధ్యలో నేను అట్టపెట్టెతో.

"బండేది నాయనా?" అన్నారు పూజారి.

"ఇందులనే ఉన్నది స్వామీ."

పెట్టెను అటూ ఇటూ చూశారు. "ఎన్ని చక్రాలు?"

"పద్దెనిమిది."

ఆయన నవ్వి పెట్టె మీద బొట్టు పెట్టారు. "నిమ్మకాయ మాత్రం తొక్కియ్యకు. పగిలేది నిమ్మకాయ కాదు," అన్నారు.

తమ్ముడికి చెబితే ఆ శుక్రవారమంతా నవ్వుతూనే ఉన్నాడు. లారీ సాఫీగా పోతోంది. ఆకాశంలో మబ్బులు, తడి రోడ్డు మీద వాటి నీడ, అన్నీ కనపడుతున్నాయి. వారం వారం మాటలు పెరిగాయి. క్యాంపులో వంటాయన పప్పులో చక్కెర వేసిన సంగతి, కోరుట్లలో బిడ్డకు పాలపళ్లు ఊడిన సంగతి చెప్పేవాడు. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు, ఒకే దారిలో ముందూ వెనుకా పోతుంటే వస్తాయి. అమ్మ సంగతి మాత్రం అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఎండలు ముదిరాక కార్డు మొరాయించడం మొదలుపెట్టింది. దాని ఫ్యాన్లు గాలి తీసినట్టు కాక ఏడ్చినట్టు అరిచేవి. షెడ్డు నుంచి వచ్చే దూది నూగు వల్లనేమో అనుకున్నాను. కానీ మొదటి రోజే డబ్బా ముందు పలుచని మల్లుగుడ్డ కుట్టి కట్టాను. ప్రతి శనివారం ఉతికి ఆరేసేవాడిని. యంత్రాల మనిషిని, నాకు ఎవరూ చెప్పక్కర్లేదనే గర్వం ఉండేది.

ఒక శుక్రవారం తమ్ముడు తన లారీ వేగం తగ్గించి నాకు దగ్గరగా నడిపాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, అమ్మ పోయిననాటి ముచ్చట నీకొకటి చెప్పాలె. గది..."

తెర నల్లబడింది. ఫ్యాన్లు ఒక్క అరుపు అరిచి ఆగిపోయాయి. కంప్యూటర్ చల్లారి మళ్లీ లేచేసరికి రోడ్డు మీద అతని లారీ లేదు. ఫోన్ చేశాను.

"ఏం లేదన్నా. మల్ల సూద్దాం."

తరువాతి శుక్రవారం పది నిమిషాలకే తెర పోయింది. ఆ పై వారం ఓవర్‌టైమ్ ఉందన్నాడు. రెండేళ్లు నేను ప్రార్థించిన మాట పెదవుల దాకా వచ్చి, నా యంత్రం చల్లగా ఉండలేకపోయినందుకు వెనక్కి వెళ్లిపోయింది.

కార్డు ఊడదీసి మళ్లీ జగిత్యాల పట్టుకెళ్లాను. షాపాయన ఫ్యాన్లు విప్పాడు. లోపల, వేడిని బయటికి పంపే సన్నని రేకుల మధ్య, నల్లగా, జిగటగా, గొంగడి ముక్కలాగా ఏదో పేరుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నా వైపు చూశాడు.

"అన్నా, నువ్వు లారీ నడుపుతున్నవా, హారతిస్తున్నవా?"

"రెండూ ఒక్క అర్రలనే," అన్నాను.

"గదే మరి. దుమ్ముకు గుడ్డ కట్టినవ్ సరే. పొగకు గుడ్డ అడ్డమా? సాంబ్రాణి పొగ జిడ్డు పట్టె, ఆ జిడ్డుకు సన్న నూగు అంటె. గాలి పోవుటానికి సందే లేదు. దేవునికి ఏసిన ధూపం దీనికి పడ్డది."

మెత్తని బ్రష్షుతో, స్పిరిట్‌తో ఓపికగా కడిగాడు. చిప్పు మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు గీకేసి కొత్తది రాశాడు. ఇస్తూ, "పొగ బంద్ చేస్తవా, ఆట బంద్ చేస్తవా, నువ్వే సూస్కో," అన్నాడు.

బస్సులో ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దీపాల వేళ సాంబ్రాణి వేయడం మా అమ్మ నేర్పిన పని. ఆమె పోయాక మైల రోజులు తప్ప ఏనాడూ ఆపలేదు. ఆట కోసం స్వామి ముందు పొగ ఆపితే నేనేం భక్తుణ్ణి? ఆపకపోతే నేనేం అన్నను?

నాకు చదవడం నేర్పిన మండలి పెద్దాయన దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆట ఎవలతోని?"

"తమ్మునితోని."

"అయితే సాంబ్రాణి వాకిట్ల ఏయ్."

"లోపటున్న స్వామికి అందుతదా?"

"ఓరి నీ! ఇన్నేండ్ల సంది చదువుతున్నవ్, ఆయన తండ్రెవలో యాది లేదా? గాలే గదరా! కొడుకుకు పోవల్సిన వాసన తండ్రి మోసుకపోడా? చిన్న అర్రల పొగ నింపి, అందరికీ ఊపిరాడకుంట చేసినవ్."

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని నిప్పుల మీద సాంబ్రాణి వేశాను. కొంచెంసేపు పొగ ఎటూ పోలేదు. తర్వాత గాలి వచ్చి దాన్ని ఎత్తుకుని గడప దాటించింది. నేను లేచి దండం పెట్టాను.

ఆ శుక్రవారం తమ్ముడు ఆటలోకి వచ్చాడు. ఎందుకో నా లారీయే ముందు పడింది. తెర మూలలో కార్డు వేడి చూపించే అంకె అరవై ఎనిమిది డిగ్రీల దగ్గరే నిలబడింది. ఫ్యాన్లు తిరుగుతున్నట్టే లేదు. గంట గడిచింది.

"అన్నా."

"ఆఁ."

"అమ్మ పోయిననాడు కంపెనీ లీవు ఇచ్చింది."

నేను రోడ్డు వైపే చూశాను.

"టికెట్ గూడ ఇచ్చిండ్రు. ఏర్‌పోర్టుకు పోయిన. లోపట కూసున్న. నా పేరు రెండుసార్లు పిలిచిండ్రు. లెవ్వలే."

"ఎందుకురా?"

"అమ్మ లేని ఇంట్లకు ఎట్ల రావాలె? గీడుంటే, ఇంటికాడ అమ్మ ఉన్నట్టే ఉండె."

ఆ కంపెనీ యజమానికి బుద్ధి ప్రసాదించమని నేను రెండేళ్లుగా మండలిలో అందరిచేతా ప్రార్థన చేయించాను. ఏ పాపమూ ఎరగని మనిషి. అది గుర్తొచ్చింది. కోపమూ వచ్చింది. పాడె కింద తమ్ముడు ఉండవలసిన ఆ నాలుగో చోటు గుర్తొచ్చింది. మరణం గురించి, దేహం గురించి నేను చదివిన మంచి మాటలు పది నాలుక మీదికి వచ్చాయి. ఒక్కటీ అనలేదు. కార్డు అంత నిశ్శబ్దంగా ఉంది కాబట్టి, అవతల అతను ముక్కు ఎగబీల్చడం వినపడింది. పాత చప్పుడైతే వినపడేది కాదు.

నా లారీ పక్క అద్దంలో చూస్తే అతని లారీ లేదు. నాది రోడ్డు పక్కన ఆపి, రెండు వైపుల లైట్లూ వేశాను.

"ఏడున్నవ్ రా?"

"గీడనే. ఎనుకకు ఆగిన."

"నేను ఆగిన. లైట్లు ఏసిన. నిదానంగ రా."

చాలాసేపటికి వచ్చాడు.

ఖతార్‌లోనే ఇంకో రెండేళ్ల పనికి కంపెనీతో కాగితాలు రాసుకున్నాడు తమ్ముడు. కొన్ని శుక్రవారాలు వస్తాడు, కొన్ని రాడు. రానినాడు కూడా నేను లారీ తీస్తాను. కొంతదూరం పోయి, రోడ్డు పక్కన ఆపి, లైట్లు వేసి కూర్చుంటాను. ఆ చలిదేశంలో ఎవరూ రారు. గోడ అవతల సాంచాలు నడుస్తుంటాయి. దీపాల వేళకు లేచి వాకిట్లోకి పోతాను.

ఇంతదాకా నాతో వచ్చినవారు నా పక్కన ఒక్క క్షణం నిలబడి ఈ మాట నాతో కలిపి అనండి. స్వామీ, దూరాన ఒంటరిగా ఉన్న ప్రతి గదిలోకీ నీ తండ్రిని ఒకసారి పంపు. మాట మింగుకుని తిరిగే ప్రతివాడికీ, దారి పక్కన ఆగి ఎదురుచూసే ఒక మనిషిని చూపించు. మా తమ్ముణ్ణి చల్లగా చూడు. మేమందరం నీ గాలిలోనే ఉన్నాం.