బోర్లా పడుకుని విన్న చీకటి కథలు

ఆ లిఫ్టు మెకానిక్‌కి యాభై రెండేళ్ళు. ఊళ్ళో ఎత్తైన భవనాలన్నిటి నెత్తినా ఎక్కి కూర్చున్న మనిషి. మేడ పైన మోటారు గదిలో పనంటే సగం పని, సగం ఎదురుచూపు. మోటారు చల్లబడాలి, సామాను రావాలి, కిందివాళ్ళు స్విచ్చి వెయ్యాలి. ఆ సగంలో తోటివాళ్ళు కునుకు తీసేవారు. ఈయన పుస్తకం తీసేవాడు. అదీ మామూలు పుస్తకం కాదు. చచ్చిన రాజు సమాధిలోంచి లేచొచ్చి మళ్ళీ కొలువు తీర్చేది, నక్షత్రాల మధ్య దారి తప్పిన ఓడలో మనుషులు ఒకరినొకరు అనుమానించుకుంటూ పిచ్చెక్కిపోయేది. డార్క్ ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్. ఈ రెండూ తప్ప మూడోది ముట్టడు.

“పగలంతా ఆ లిఫ్టుల చీకటి బావుల్లో వేలాడి వచ్చి, ఇంట్లో కూడా చీకటేనా మీకు?” అనేది భార్య. ఆవిడ ఆసుపత్రి మందుల షాపులో ఫార్మసిస్టు. డాక్టర్ల చేతిరాత చదివీ చదివీ ఇంటికొచ్చాక ఇంకే అక్షరాన్నీ దగ్గరికి రానిచ్చేది కాదు.

ఇలాంటి పుస్తకాలకేం, కొల్లలు. చదవదగ్గది దొరకడమే గగనం. అట్ట మీద బొమ్మ చూసి కొన్న రోజులున్నాయి. నల్లటి కోట, ఎర్రటి చంద్రుడు, కాకి. లోపల మూడొందల పేజీలు రాకుమారి జుట్టు గురించే. వెనక అట్ట మీది పొగడ్తలు నమ్మిన రోజులున్నాయి. ఆ పొగిడినవాళ్ళ పుస్తకాల వెనక ఈ రచయితే పొగిడి ఉండడం గమనించాక అదీ మానేశాడు. ఫోన్లో పాఠకుల గుంపు ఒకదాంట్లో చేరాడు. “ఏది చదవమంటారు?” అని అడిగితే నలభై మంది నలభై పేర్లు చెప్పి, ఆ తర్వాత వారం రోజులు వాళ్ళలో వాళ్ళే తిట్టుకున్నారు. చివరికి లావుని నమ్ముకున్నాడు. ఇంత రాశాడంటే ఏదో ఉండే ఉంటుందన్నది ఆయన లెక్క. అలా దొరికిందే ఒక అయిదు సంపుటాల రాక్షస సామ్రాజ్యం. దాన్ని రెండుసార్లు చదివాడు, కనపడ్డవాళ్ళకల్లా చదవమని చెప్పాడు. ఎవరూ చదవలేదు. మంచి పుస్తకం లక్షణమే అది అనుకుని సంతోషపడ్డాడు.

ఇలా ఉండగా అత్తగారికి కంటి వెనక పొర ఊడింది.

ఆవిడ ముప్ఫై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పి రిటైరైన టీచరు. డాక్టరు ఆపరేషన్ చేసి, కంట్లోకి గాలి బుడగ ఎక్కించి, “పన్నెండు రోజులు బోర్లా పడుకోవాలి. మొహం నేలవైపే ఉండాలి. లేచినా తల ఎత్తకూడదు” అన్నాడు. కూతురికి సెలవు దొరకలేదు. అల్లుడికి దొరికింది, మోకాళ్ళ ఆపరేషన్ కోసమని దాచుకుని వాయిదా వేస్తూ వచ్చిన సెలవులన్నీ అలాగే మిగిలి ఉన్నాయి.

అల్లుడు చేతిపని తెలిసినవాడు కాబట్టి, పాత స్టూలు పలక మధ్యలో గుండ్రంగా కోసి, అంచుకి స్పాంజి అతికించి, మంచం చివర బిగించాడు. అత్తగారు అందులో మొహం పెట్టి పడుకుంటే ఊపిరాడేది, బాగున్న కంటికి నేల కనిపించేది. అంతవరకూ వాళ్ళిద్దరి మధ్యా మాటలు “బాగున్నారా”, “ఆ, బాగున్నాను” దాటి ఎరగవు. ఇప్పుడు ఒకే గదిలో పన్నెండు మధ్యాహ్నాలు.

మొదటిరోజు పేపరు చదివి వినిపించాడు. అరగంటలో అయిపోయింది.

“అల్లుడుగారూ, మీ కుడికాలి బొటనవేలి గోరు పెరిగింది, చూసుకున్నారా?” అన్నారు అత్తగారు, నేలలోంచి.

ఆయన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

“ఊరికే కూర్చోకండి. మీరేదో చదువుతుంటారట కదా, అదే చదవండి.”

“అవి మీకు నచ్చవేమో, అత్తయ్యగారూ. దెయ్యాలూ, గ్రహాలూ...”

“గ్రహాలు నేను పాఠం చెప్పినవే. కానివ్వండి.”

గుండె దిటవు చేసుకుని తన ప్రాణప్రదమైన అయిదు సంపుటాల్లో మొదటిది తెచ్చాడు. ముందు పేజీలో పటం ఉంది. అందులో ఏమేం ఉన్నాయో చెప్పమన్నారావిడ. ఉత్తరాన సముద్రం, దక్షిణాన సముద్రం, మధ్యలో ఈ రెంటినీ కలుపుతూ మహానది అని చెప్పాడు.

“ఎటు పారుతుంది?”

“అంటే?”

“నదండీ. ఈ సముద్రంలోంచి ఆ సముద్రంలోకా? అయితే ఎక్కడ పుట్టింది? కొండ ఉండాలి కదా మధ్యలో.”

ఆయన పటం అటూ ఇటూ తిప్పాడు. కొండల్లేవు. రెండుసార్లు చదివిన పుస్తకంలో నది ఎటు పారుతుందో తనకే తెలియదు.

“సరే, కానివ్వండి” అన్నారావిడ. రెండో అధ్యాయంలో లక్ష మంది శవసైనికులు మంచు ఎడారి దాటుతున్నారు. వాళ్ళ వెనక లక్ష గుర్రాలు.

“ఆ గుర్రాలు బతికున్నవేనా?”

“బతికున్నవే.”

“మంచులో గడ్డెక్కడిది?”

ఆయన పేజీ తిప్పేశాడు. మూడో అధ్యాయానికి రాజు కోట చుట్టూ ఏడు ప్రాకారాలు వచ్చాయి. ఆ రాయి ఎక్కడ తవ్వారో చెప్పమన్నారు. నాలుగోదానికి నిట్టూర్చి, “ఈ రాసినాయన ఎప్పుడూ ఊరు దాటినట్టు లేడు. ఇంకోటి చూడండి” అన్నారు. అయిదు సంపుటాలూ రెండు గంటల్లో కుప్పకూలాయి.

ఆయనకి తల కొట్టేసినంత పనైంది. సాయంత్రం భార్యతో, “మీ అమ్మగారికి కల్పన అంటే పడదు” అన్నాడు.

“నా పెళ్ళిచూపుల్లో మీ ఉద్యోగం గురించి మీ వాళ్ళు చెప్పినప్పుడు కూడా ఇలాగే ప్రశ్నలడిగింది” అంది భార్య, చెప్పులు విప్పుతూ. “అప్పుడూ కల్పన పడలేదు.”

మర్నాడు సైన్స్ ఫిక్షన్ తీశాడు. ఇద్దరు చంద్రులున్న గ్రహం, తీరాన నిశ్శబ్దంగా నిద్రపోయే సముద్రం. “ఇద్దరు చంద్రులుంటే పోటు నిద్రపోనిస్తుందా?” అన్నారావిడ. అది పోయింది. ఆ మర్నాడు ఇంకొకటి. నాలుగోరోజుకి ఆయన పంతం పట్టినవాడిలా అలమార ముందు నిలబడి ఒక్కొక్కటే తీసి, ముందు తనే ఆ ప్రశ్నలు వేసుకోవడం మొదలుపెట్టాడు. తిండెక్కడిది? నీళ్ళెటు పోతాయి? ఈ రాక్షసుడు యుద్ధం లేని రోజుల్లో ఏం చేస్తాడు? రెండొందల చిల్లర పుస్తకాల్లో సమాధానం చెప్పినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అడుగు అరలో, సన్నటిది ఒకటి దొరికింది. ఎవరో లిఫ్టులో వదిలేస్తే తెచ్చాడు. అట్ట లేదు, బొమ్మ లేదు, పటం అసలే లేదు. ఒకప్పుడు ఇరవై పేజీలు చదివి, ఏమీ జరగడం లేదని తనే మూసేసిన పుస్తకం. ఎలాగూ ఓడిపోతున్నాం కదా అని దాన్నే పట్టుకొచ్చాడు.

పదకొండేళ్ళుగా సూర్యుడు ఉదయించని ఊరు. అక్కడ వీధి దీపాలు వెలిగించే ఒక ముసలామె. మొదటి పేజీ అయ్యీ అవకముందే రావాల్సిన ప్రశ్న వచ్చింది.

“ఎండ లేకపోతే పంటెక్కడిది?”

“తెలీదండీ” అని ఒప్పుకుని చదువుతూ పోయాడు. నలభయ్యో పేజీలో దీపాలామె పళ్ళెం ముందు కూర్చుంది. ఆ ఊళ్ళో అందరూ పుట్టగొడుగులే తింటారు. అవి శ్మశానంలో తప్ప ఇంకెక్కడా మొలవవు. భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడుకోరు. వడ్డించినదాంట్లో ఎవరు ఉన్నారో ఎవరూ అడగరు.

స్టూలు పలకలోంచి ఉలుకూ పలుకూ లేదు. నిద్రపోయారనుకుని పుస్తకం మూశాడు.

“ఎందుకాపారు?”

“మీరు పడుకున్నారేమోనని...”

“ఎలా పడుకుంటానయ్యా? ఈ రాసినవాడు ఆలోచించాడు. చదువు.”

పెళ్ళయిన పదహారేళ్ళలో ఆవిడ ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ తెలియనట్టే ఊరుకున్నారు.

ఆ పుస్తకం మూడు మధ్యాహ్నాలు నడిచింది. దీపాలామె చివరికి ఊరికి వెలుగు తెచ్చే దారి కనుక్కుంటుంది. వెలుగొస్తే పుట్టగొడుగులు చస్తాయని, పంట వచ్చేలోగా సగం ఊరు మాడిపోతుందని కూడా కనుక్కుంటుంది. ఆ పేజీ ఆయన రెండుసార్లు చదివాడు. ఇలాంటి పుస్తకాన్ని ఇరవై పేజీలకే తను విసుగుపడి మూసేశాడే అని సిగ్గేసింది కూడా. కింద నేల మీద రెండు తడి చుక్కలు పడ్డాయి. కంట్లో వేసిన మందేనేమో అనుకున్నాడు. మందు వెయ్యాల్సిన టైము ఇంకా కాలేదు.

కన్ను ముప్పాతిక వంతు వచ్చింది. పూర్తిగా రాదని డాక్టరు ముందే చెప్పాడు. అత్తగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తన ఇంటికి వెళ్ళారు, నాలుగు వీధుల అవతలికి. అయినా ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసి పాత పుస్తకాల దుకాణానికి వెళ్ళేవారు. ఆవిడ నేరుగా పటం ఉన్న పేజీ తీసి, నదుల్ని వేలితో పట్టుకుని పోయి, “ఇది వద్దు” అని పక్కన పడేసేవారు. వాళ్ళు వస్తున్నారంటే దుకాణదారు పటాలున్నవి లోపల సర్దేసేవాడు. పాఠకుల గుంపులో మెకానిక్ ఆవిడ ప్రశ్నలే తన ప్రశ్నలుగా పెట్టడం మొదలుపెట్టాడు. కొద్దికాలానికే ఆయనకి లోతైన విమర్శకుడని పేరొచ్చింది. ఒకాయన తన నవల చేతిరాత ప్రతి పంపించి, అభిప్రాయం చెప్పమన్నాడు. చెప్పాక ఆ రచయిత గుంపులోంచే వెళ్ళిపోయాడు.

రెండొందల పుస్తకాలు పదిహేడుకి దిగాయి. ఖాళీ అయిన అరల్లో భార్య దుప్పట్లు సర్దుకుని, ఈ సాహిత్యం ఏదో మంచిదిలాగే ఉందే అంది.

అంతా బాగానే ఉంది కానీ, ఒక్కటే చిక్కు. పేజీ మీద పెడితే అక్షరాలు పెద్దవి చేసి చూపించే పలక ఒకటి కొనుక్కున్నాక అత్తగారికి చదివిపెట్టే మనిషి అవసరం లేకపోయింది. ఒకటిముప్పాతిక కళ్ళతోనే ఆవిడ అల్లుడి కంటే రెండింతలు వేగం. ఇద్దరూ కలిసి ఏరిన పుస్తకం ముందు ఆవిడింటికి వెళ్తుంది. రెండోరోజే ఫోనొస్తుంది.

“అల్లుడూ, దొరికిందయ్యా! బంగారంలాంటి పుస్తకం.”

“నిజమా, అత్తయ్యా? సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాను. కథ మాత్రం చెప్పకండి, నేనింకా...”

“ఛ, ఛ, నేనెందుకు చెబుతాను? పడవవాడే చచ్చిపోయినవాడని నువ్వు కలలో కూడా అనుకోవు, చూడు.”

ఆయన మోటారు గది గోడకి జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు. అవతల ఆవిడ, పడవవాడి ఊరి నది ఎంత సక్రమంగా కొండలోంచి సముద్రంలోకి పారుతుందో వర్ణిస్తున్నారు.