అన్నను చూసి మంద జరిగింది

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో ముందుగా నవ్వేది నేనే. తాండూరులో ఒక మందుల షాపులో పనిచేస్తాను. జ్వరానికి మాత్ర ఉంది గానీ భయానికి లేదని అమ్మను ఏడిపించేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ ఆ పొద్దు దొడ్డిలో నేను చూసింది ఇంకా కళ్ల ముందు నుంచి పోలేదు.

మా అన్న మల్లేశ్ బంట్వారం దగ్గర మా ఊళ్లో గొర్రెలు కాస్తాడు. మంద అతన్ని వదిలి ఉండదు. దొడ్డి తడిక తీయగానే మీద పడతాయి. జేబులో కందులుంటాయని అంగీ నములుతాయి.

ఒక సెలవు రోజు ఊళ్లోనే ఉన్నాను. పొద్దున అన్న తడిక తీసి లోపల అడుగు పెట్టాడు. మంద వెనక్కి జరిగింది. అరవలేదు, బెదిరి పరుగెత్తలేదు. మెల్లగా జరిగి, అతని చుట్టూ ఖాళీ వదిలి నిలబడింది. అన్న ముందుకు నడిస్తే ఆ ఖాళీ కూడా అతనితో పాటే కదిలింది.

"కొత్త అంగి గదనే చెల్లె, గుర్తువడ్తలేవు నన్ను," అని నవ్వాడు. లోపలికెళ్లి పాత అంగీ తొడుక్కొచ్చాడు. అయినా అంతే. సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రెపిల్ల కూడా దగ్గరికి రాలేదు.

నాకు చిరాకేసింది. ఏ కుక్క వాసనో అంటుకుని ఉంటుందన్నాను. అమ్మ ముఖం మాత్రం పాలిపోయింది.

"మీ నాయిన పోయిన పొద్దు గూడ గొర్లు గిట్లనే జరిగినయ్. జర దవాఖానకు తోల్కపో బిడ్డా."

అప్పటికి అన్నకు ఉన్నదల్లా కాస్త జలుబు, కుడి పక్కన చిన్న నొప్పి. ఒళ్లు చల్లగానే ఉంది. దాణా మూట ఎత్తినప్పుడు పట్టేసిందన్నాడు. నా సంచిలో మాత్రలున్నాయి. ఒకటి మింగించి పడుకోబెట్టేదాన్నే. అమ్మ ఏడుపు ఆపకపోయేసరికి, ఆమె పోరు పడలేక ఆటో మాట్లాడాను.

వికారాబాద్ చేరేలోపే అన్నకు వణుకు పట్టుకుంది. పళ్లు టకటకలాడాయి. దగ్గితే తుప్పు రంగు కళ్లె పడింది. ఆసుపత్రి ముందు దించేసరికి నన్ను పట్టుకుని "అమ్మా" అంటున్నాడు.

డాక్టరమ్మ అతని కడుపు మీది పాత కుట్లు చూసి, ఇవేమిటని అడిగింది. చాలా ఏళ్ల కిందట బండి మీద నుంచి పడితే ప్లీహం చితికిపోయి తీసేశారని చెప్పాను. ఆమె ఇంకో మాట అడగకుండా సూది మందు తెప్పించింది.

తర్వాత విడమరచి చెప్పింది. న్యుమోకాకస్ అనే సూక్ష్మజీవి చాలామంది ముక్కులో, గొంతులో ఏ హానీ చేయకుండా ఉంటుందట. ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. రక్తంలో కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. రక్తంలో దాన్ని పట్టి ఆపేది ముఖ్యంగా ప్లీహమే. అది లేనివాళ్లు తప్పకుండా టీకాలు వేయించుకోవాలి, కాస్త ఒళ్లు వెచ్చబడినా పరుగెత్తి రావాలి. సాయంత్రం దాకా ఆగి ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదంది.

నా సంచిలోని మాత్రలు గుర్తొచ్చి అక్కడే ఏడ్చేశాను.

అన్న బతికాడు. టీకాలు వేయించాం. ఇంటికి రాగానే నేరుగా దొడ్డికి వెళ్లి తడిక తీశాడు. గొర్రెలన్నీ ఒక్కసారిగా మీద పడి అతన్ని కూలదోశాయి.

పశువుల డాక్టరును అడిగితే, జబ్బు మనిషి ఒంటి వాసన మారి ఉంటుందన్నాడు. సరే. మరి అంతకుముందొకసారి చికున్‌గున్యాతో మూలుగుతూ దొడ్డిలో పడుకున్న రోజుల్లో అవి అన్నను ఆనుకునే ఎందుకు పడుకున్నాయి?

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దు మంద వదిలిన ఖాళీ అన్న చుట్టూ సమానంగా లేదు. ఎడమ పక్కన తక్కువ. కుడి పక్కన మాత్రం ఇంకో మనిషి నిలబడేంత ఉంది.

ఇప్పుడు రోజూ షాపుకు బయలుదేరే ముందు అన్నకు ఫోన్ చేస్తాను. జ్వరం సంగతి తర్వాత అడుగుతాను. ముందు మంద దగ్గరికొచ్చిందా అని అడుగుతాను. "వచ్చినయ్ తియ్," అని అతను నవ్వేదాకా గడప దాటను.