నూకరాజు తెచ్చిన బ్రేకు కిట్టు

1983 డిసెంబరు ఎనిమిదో తేదీ, గురువారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. మద్దిలపాలెం బస్సు డిపో వెనక సందులో ఉండేది నా కార్ల రిపేరు షెడ్డు. తాళం తీసి, టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, తెల్ల అంబాసిడర్ ఒకటి వచ్చి గేటుకి అడ్డంగా ఆగింది. ఆగింది అనకూడదు, ఇక కదల్లేక నిలబడిపోయింది. చక్రాల దగ్గర మాడిన వాసన. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, కారు దిగిన మనిషి అన్న మొదటి మాటే అది.

"మేస్త్రీ, ఏడూ పది అయ్యింది. పదింటికల్లా బండి ఇంజినీరు గారి గుమ్మంలో ఉండాల. ఏటి సేత్తావో సెయ్యి."

ఆ మనిషి నూకరాజు. జాలరిపేట వాడు. ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద బతికాడు. అంతకు ముందు ఏడాది బోటులో వల లాగే వించిలో కుడి చెయ్యి పడి రెండు వేళ్ళు పోయాయి. వల పట్టలేని వాడికి బోటులో చోటు లేదు. తన వాటా అమ్మేసి ఈ పాత అంబాసిడర్ కొన్నాడు. స్టీరింగు పట్టుకోవడానికి మిగిలిన వేళ్ళు చాలు అనేవాడు. వేళ్ళు చాలాయి గాని బేరాలు చాల్లేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో నాలుగు కిరాయిలు, తర్వాత వారాల తరబడి కారు ఇంటి ముందే ఉండేది.

అవి స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన ఇంజినీరు సుబ్బారాయుడు గారు, రోజూ సైటుకి వెళ్ళి రావడానికి నెలవారీ కారు కోసం చూస్తున్నారు. ఆయన నూకరాజుతో ఒకటే మాట చెప్పారు. "గురువారం మా అమ్మగారిని సింహాచలం కొండెక్కించి క్షేమంగా దించు. నీ బండి సంగతి అప్పుడు తేలుతుంది." కొండ ఎక్కడానికి ఇంజను కావాలి, దిగడానికి బ్రేకు కావాలి. ఆ బ్రేకులు పది రోజుల కిందట బాగు చేసింది నేనే. ఇప్పుడవే పట్టేసి, వదలడం లేదు.

పది రోజుల కిందట జరిగింది చెప్పాలి. బ్రేకు పెడలు తొక్కినప్పుడు ఫ్లూయిడ్ అనే ద్రవాన్ని చక్రాలకి తోసే సీసాలాంటి ఇనప గొట్టాన్ని మాస్టర్ సిలిండర్ అంటాం. డ్రైవరు కాళ్ళ కింద ఉంటుంది. దాని లోపల చొక్కా గుండీ కంటే కొంచెం పెద్దవి, రబ్బరు కప్పులు ఉంటాయి. అవి అరిగితే పెడలు కిందికి దిగిపోతుంది. కొత్త కప్పులన్నీ కలిపి చిన్న అట్టపెట్టెలో వస్తాయి, దాన్నే కిట్టు అంటాం. నూకరాజు కారుకి ఆ కిట్టు కావాలని చెప్పాను. మర్నాడు తనే కొని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. బయటి సామాను నేను బిగించను. షెడ్డులో అందరికీ తెలిసిన సంగతే.

"హోటలుకెల్లి నీ బియ్యం నువ్వు ఇచ్చి వండమంతావేటి?" అన్నాను.

"సేప మా ఇంటి నుంచి తెచ్చింది అయితే కూర బాగుంతాది మేస్త్రీ," అన్నాడు. "బోటుకి ఏ సామానైనా మేవే కొంతాం. మేస్త్రి బిగిత్తాడు, కూలి పట్టుకెల్తాడు. మేస్త్రి సేత కొనిపించినోడు మా పేటలో ఒక్కడూ లేడు."

"ఇది బోటు కాదు."

"నువ్వూ దేవుడివి కాదు."

దాపరికం ఎందుకు? నేను పంపిన గిరాకీ కొంటే సామాన్ల దుకాణం వాడు నాకు కొంత ఇచ్చేవాడు. అందరు మేస్త్రీలకీ ఇచ్చేవాడు. అది ఒక కారణం. రెండో కారణం, బిగించిన సామాను చెడిపోతే తిట్లు పడేది మేస్త్రికే, కొన్నవాడికి కాదు. ఈ రెండిట్లో ఆ రోజు నా కడుపు మంటకి ఏది ఎక్కువ కారణమో చెప్పమంటే మొదటిదే అని చెబుతాను. అయినా బిగించాను. మూతి ముడుచుకుని, మాట్లాడకుండా బిగించాను. అలా మూతి ముడుచుకోవడమే ఈ కథంతా.

సరే, గురువారం పొద్దున్నకి వద్దాం. నేనూ, మా బావమరిది సన్యాసీ కారు కిందికి దూరాం. సన్యాసి నా కంటే రెండేళ్ళు చిన్న, టింకరింగు పని వాడు, నోరు ఊరుకోదు. మాస్టర్ సిలిండర్ విప్పి బల్ల మీద పెట్టి కప్పు బయటికి లాగాను. రబ్బరు ఉబ్బిపోయి ఉంది. నూనెలో వేసిన గారె ఎలా పొంగుతుందో అలా పొంగి గొట్టానికి అతుక్కుపోయింది. ఇంక ఫ్లూయిడ్ వెనక్కి వచ్చే దారేది? అందుకే తొక్కిన బ్రేకు వదలడం లేదు.

నేను ఇక ఆగలేదు. కప్పు చేత్తో పైకెత్తి, సందులో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అరిచాను.

"డూప్లికేటు! సూడండి! డూప్లికేటు సరుకు తెచ్చి నా సేత బిగించినాడు! అదే నాను కొనుంటే ఇలగయ్యుండునా?"

"డూప్లికేటు కాదు మేస్త్రీ. పెద్ద దుకాణంలో, సీలున్న పెట్టె కొన్నాను," నూకరాజు గొంతు సన్నగా వచ్చింది. అలాంటి మనిషి గొంతు అలా రావడం అదే మొదటిసారి విన్నాను. "ఈ బేరం పోతే నాను మల్లీ ఎక్కడికెల్లాల? సముద్రంలోకి ఎల్లలేను గదా."

ఆ మాటకి కొంచెం తగ్గాను గాని, పొగరు తగ్గలేదు. "నా దగ్గరుంది అసలు సరుకు. సూసి నేర్చుకో," అని పైన అటక మీంచి నా కిట్టు దించాను. దుమ్ము ఊది, పెట్టె తెరిచి, కప్పు తీసి రెండు వేళ్ళతో నొక్కాను. వడియంలా పుటుక్కున పగిలింది. రేకుల పైకప్పు కింద ఎన్ని ఎండాకాలాలు మగ్గిందో ఆ పెట్టె.

సన్యాసి ఆ ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "బావా, ఇది కూడా సూసి నేర్సుకోమంతావేటి?"

అప్పటికి ఏడున్నర దాటింది. దుకాణాలు తొమ్మిదిన్నరకి గాని తీయరు. కారు వెనక సీట్లోంచి నూకరాజు భార్య పోలమ్మ దిగింది. అప్పటిదాకా ఆవిడ ఉన్న సంగతే నేను పట్టించుకోలేదు. కారు కడిగి, అద్దానికి పూలదండ కట్టి, ఇంజినీరు గారి అమ్మగారికి తోడుగా కొండెక్కుదామని కొత్త చీర కట్టుకుని బయల్దేరింది.

"మగోల్ల అరుపులు అయిపోనాయా?" అంది. కొంగు ముడి విప్పి అట్టపెట్టె ఒకటి బల్ల మీద పెట్టింది. "ఇది రొండోది."

అదే దుకాణం, అదే కిట్టు. నూకరాజు రెండు కొన్నాడట. సముద్రం మీద దుకాణం ఉండదు కాబట్టి బోటు వాళ్ళు ఏదైనా రెండేసి కొంటారు. నేను పెట్టె తెరిచాను. నల్లగా నిగనిగలాడుతూ, నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి వస్తూ, బంగారం లాంటి రబ్బరు. డూప్లికేటు అన్న నోటితో ఇప్పుడు ఏమనను?

"మరి మొదటిదానికి ఏటయ్యింది?" అన్నాడు సన్యాసి.

"ఏటవుద్ది?" అంది పోలమ్మ. "పెట్టె తెరిసి దానికి ఈయన గ్రీజు పూసినాడు. రొండోదానికీ పూసీసీవోడే. నాను గూట్లో పెట్టి తాలం ఏసినాను. బియ్యం డబ్బా దాకా గ్రీజు సేతులే నా కొంపలో."

"పూయనా మరి?" అన్నాడు నూకరాజు, తప్పేమిటో తెలియక. "సముద్రం గాలికి ఏదీ ఆగదు. ముప్పై ఏల్లు మేకు కొన్నా, బోల్టు కొన్నా ఇంటికి తెచ్చి గ్రీజు పూసే పెట్టినాను. అంత కరీదైన దాన్ని ఊరికే వదిలేత్తానా?"

అదీ సంగతి. ఇనుముకి గ్రీజు ప్రాణం, బ్రేకు రబ్బరుకి విషం. బ్రేకు ఫ్లూయిడ్ తప్ప ఇంకే నూనె తగిలినా ఆ రబ్బరు నాని ఉబ్బిపోతుంది. పెట్టెలో వేసిన కాగితంలో ఆ మాట ఉండే ఉంటుంది, కాని అది ఇంగ్లీషు. నేను అక్షరాలు దిద్దిందే నలభై దాటాక, అదీ తెలుగే.

సన్యాసి నవ్వాడు, పోలమ్మ నవ్వింది, చివరికి నూకరాజు కూడా నవ్వాడు. నేనూ నవ్వబోయాను. సగంలో ఆగిపోయింది. ఎందుకో నాకు ఒక్కడికే తెలుసు.

వెంటనే పనిలో దిగాం. పాత ఫ్లూయిడ్ అంతా వదిలేశాం. గొట్టాలు స్పిరిటుతో కడిగాం. నాలుగు చక్రాలూ విప్పి అక్కడి రబ్బర్లు చూశాను, గ్రీజు అంత దూరం పోలేదు. కొత్త కప్పుల్ని ఫ్లూయిడ్‌లో ముంచి బిగించాం. తర్వాత బ్లీడింగు. అంటే లైన్లో చిక్కుకున్న గాలిని బయటికి తోసెయ్యడం. పోలమ్మ కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని పెడలు మీద కాలేసింది.

"తొక్కమ్మా."

"తొక్కినాను."

"వొదులు."

"వొదిలినాను. రోజంతా ఇదేనా మీ పని? ఇంతకంటే సేపలు అమ్మడం నయం."

తొమ్మిదిన్నరకి చక్రాలు వేలితో తిప్పితే తిరిగాయి, తొక్కితే ఆగాయి. నూకరాజు కూలి ఇవ్వబోతే వద్దన్నాను. "నానూ కొండకొత్తాను," అన్నాను.

"ఎందుకూ? నా మీద నమ్మకం లేదా?"

"నా మీద లేదు. తోలు."

పదింటికి ఇంజినీరు గారి గుమ్మం ముందు ఆగాం. సుబ్బారాయుడు గారు ముందు సీట్లో నూనె మరకల చొక్కాతో ఉన్న నన్ను చూశారు. "ఈయనెవరండీ?" అన్నారు.

"మా బ్రేకు మేస్త్రి బాబూ. బండితో పాటే వొత్తాడు," అన్నాడు నూకరాజు. నేను వెనక్కి జరిగాను. వాళ్ళమ్మగారు మాణిక్యమ్మ గారు నాకూ పోలమ్మకీ మధ్యన కూర్చుని, నా వైపు చెంగు తగలకుండా సర్దుకున్నారు.

కొండ ఎక్కడంలో ఏమీ లేదు. తల్లీ కొడుకులూ పోలమ్మా దర్శనానికి వెళ్ళారు. నేనూ నూకరాజూ బండి దగ్గర మిగిలాం. కిందికి దిగకముందే చెప్పెయ్యాలనుకున్నాను.

"నూకరాజూ, ఆ రోజు నీ కిట్టు బిగించినప్పుడు సేతికి జిడ్డు తగిలింది."

అతను నా వైపు తిరిగాడు.

"తెలిసింది. ఇదేటి జిడ్డు అని అడగాల. అడగలేదు. నీ సామాను, నీ ఖర్మ అనుకున్నాను. నా కిట్టయితే కడిగీవోణ్ణి."

అతను కుడి చేతికి మిగిలిన వేళ్ళతో స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు. "సేప కుల్లిందని తెలిసీ అమ్మినోణ్ణి మా ఆడది ఏటి సేత్తాదో తెల్సా? ఆ గంపే నెత్తి మీద బోర్లిత్తాది."

"బోర్లించమను."

"ముందు కిందికి దిగనీ. ఆ తర్వాత సెప్తాను." నవ్వాడు గాని, అది పూర్తి నవ్వు కాదు.

దిగేటప్పుడు నా కుడి కాలు ఊరికే నేలని తొక్కుతూనే ఉంది. మూడో మలుపు తిరగ్గానే రోడ్డుకి నడిమధ్య ఆవు. నూకరాజు తొక్కాడు. కారు ముక్కు వంచి, అటూ ఇటూ లాగకుండా, తిన్నగా ఆగింది. మాణిక్యమ్మ గారి ఒళ్ళో కొబ్బరి చిప్పలు జారి నా కాళ్ళ దగ్గర పడ్డాయి. ఆవు మమ్మల్ని చూసి, తీరిగ్గా పక్కకి నడిచింది.

"ఆవుకేం కాలేదు కదా నాయనా?" అన్నారావిడ.

"ఏటీ కాలేదమ్మా," అన్నాను.

కొండ దిగాక బండి ఆపించి, దిగి నాలుగు చక్రాల డ్రమ్ములకీ చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉన్నాయి, కాలడం లేదు, అంటే బ్రేకులు పట్టెయ్యలేదు. సుబ్బారాయుడు గారు కూడా దిగి నిలబడ్డారు. "రేపు ఆరింటికల్లా వచ్చెయ్యవయ్యా నూకరాజూ. నెలకి మాట్లాడేసుకుందాం. ఈయన కూడా రోజూ వస్తారా?"

"రోజూ అయితే మీరు బరించలేరు బాబూ," అన్నాడు నూకరాజు. ఈసారి పూర్తిగా నవ్వాడు. అతని కారు ఆ సైటుకి ఆరేళ్ళు తిరిగింది. ఆరేళ్ళూ సామాను తనే కొన్నాడు, నేనే బిగించాను.

సొంతంగా సామాను కొనాలా, మేస్త్రి చేత కొనిపించాలా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. మీ ఇష్టం. కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూసుకోండి. పెట్టె తెరవకుండా తెచ్చి మేస్త్రి బల్ల మీద తెరిపించండి. మేస్త్రి ఇచ్చేదైనా మీ కళ్ళ ముందే తెరిపించండి, ఎందుకంటే అటక మీద ఎన్నేళ్ళున్నదో వాడికీ గుర్తుండదు. నాకు మటుకు తెలిసింది ఒక్కటే. సామాను ఎవరిదైనా బిగించే చెయ్యి నాది. జిడ్డు తగిలితే అడగాలి. ఆ రోజు తర్వాత అడగకుండా ఒక్క నట్టు కూడా బిగించలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళం: బండి తోలిన నూకరాజు, రెండో కిట్టు దాచిన పోలమ్మ, కారు కింద నాతో పాటు పడుకున్న సన్యాసి, కొండ మీదికి వచ్చిన సుబ్బారాయుడు గారు, వాళ్ళమ్మగారు మాణిక్యమ్మ గారు. ఆరో మనిషిని నేను, బ్రేకు మేస్త్రి అప్పలస్వామిని.