సారెలో పదకొండో డబ్బా

కెమెరా కొన్న రోజు నేను దాంతో ఒక్క ఫోటో కూడా తీయలేదు. కూర్చుని పట్టిక వేశాను. నాలుగు గడులు: వస్తువు, సీరియల్ నంబరు, ప్రమాదం, నివారణ. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివినవాణ్ణి. ఏ యంత్రం చూసినా అది ఎలా పనిచేస్తుందన్న దానికన్నా ఎన్ని రకాలుగా పాడవగలదన్నదే నాకు ముందు తోస్తుంది.

ప్రమాదాలు ఐదు: పోవడం, దొంగతనం, పగలడం, బూజు, తడవడం. తడవడం కింద మళ్ళీ చిన్న జాబితా: వాన, సముద్రపు తుంపర, చెమట, కొబ్బరినీళ్ళు, సాంబారు. సాంబారు అనుభవం మీద చేర్చింది.

మా ఇల్లు అరసవల్లిలో. సముద్రం మరీ దగ్గరేమీ కాదు గానీ దాని తేమ మాత్రం రోజూ వచ్చి పలకరిస్తుంది. లెన్సుకు బూజు పట్టకుండా చెప్పుల షాపులో పెట్టెల్లోంచి పారేసే సిలికా జెల్ పొట్లాలు అడిగి తెచ్చుకునేవాణ్ణి. షాపాయన ఒకరోజు, "బాబూ, ఆ పెట్టెల్లో సెప్పులు కూడా ఉంతాయి, ఎప్పుడైనా అవి కూడా సూడు" అన్నాడు. పొట్లాల్ని మేడ మీద చేటలో ఎండబెడితే, పక్క చేటలో వడియాలు పెట్టుకుంటున్న మా అమ్మ అంది: "ఒరే, ఏవి వడియాలో ఏవి నీ పొట్లాలో సెప్పి మరీ ఎల్లు. లేపోతే సాయంత్రం నూనిలో ఏసెత్తాను."

ఇదంతా బూజు సంగతి. నాకు నిద్ర పట్టనివ్వనిది దొంగతనం. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీయడం మొదలుపెట్టాక కెమెరా బ్యాగు మోసుకు తిరగడం తప్పలేదు. నల్లగా, పట్టీలతో, కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉండే ఆ బ్యాగు, నన్నడిగితే, దొంగకు రాసిన ఆహ్వాన పత్రికే. పెళ్ళింట్లో ఎవరూ పట్టించుకోని వస్తువేదో ఆలోచించాను. స్టీలు డబ్బా. మిఠాయి డబ్బాను ఎవడూ ఎత్తుకుపోడు. మహా అయితే రెండు లడ్డూలు తీసుకుని మూత పెట్టేస్తాడు.

మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా ఒకటి కొని, లోపల స్పాంజి కోసి అమర్చాను. నా పెద్ద లెన్సు అందులో సరిగ్గా పట్టింది. చుట్టూ మెత్తని నల్లగుడ్డ, అడుగున సిలికా పొట్లాలు, స్పాంజిలో చిన్న గాడి చేసి అందులో మెమరీ కార్డుల పెట్టె. మూడడుగుల ఎత్తు నుంచి పరుపు మీదకి రెండుసార్లు వదిలి చూశాను. పట్టికలో నివారణ గడిలో "డబ్బా" అని రాసి కింద గీత గీశాను. అంత గర్వంగా డిప్లొమా కూడా అందుకోలేదు.

ఆ డబ్బాతో మొదట వెళ్ళింది పొందూరులో మా మేనమామ కూతురి పెళ్ళికి. నాకన్నా ఎనిమిది నెలలు పెద్దది కాబట్టి వదిన. ఆ ఎనిమిది నెలల పెత్తనమూ వడ్డీతో సహా చేసేది. పొద్దున్న ముహూర్తం. తాళి కట్టడం, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ బాగా వచ్చాయి. ఎప్పుడూ నవ్వని మా మావయ్య, తలంబ్రాల బియ్యం వచ్చి తన చెవిలో పడినప్పుడు పకపకా నవ్వాడు. అదీ దొరికింది. భోజనాల వేళకు కార్డులు రెండూ నిండాయి. నిండిన కార్డులు జేబులో ఉంచుకోరాదన్నది నా పద్నాలుగో నియమం. లెన్సుతోపాటు వాటినీ డబ్బాలో పెట్టాను.

ఇక డబ్బాను ఎక్కడ పెట్టాలి? ఇల్లంతా తిరిగి చూశాను. తాళం ఉన్న గది ఒక్కటే, సామాన్ల గది. తాళంచెవి మా అత్తయ్య నడుముకు. ఆవిడ ఏదో తీయడానికి గది తెరిచినప్పుడు నేనూ లోపలికి దూరాను. ఆ గదిలో అప్పటికే స్టీలు డబ్బాలు వరసగా ఉన్నాయి. ఇంతకన్నా మంచి చోటు ఉంటుందా? ఒక్క తేడా కనిపించింది: ఆ డబ్బాల మూతల మీద పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి, నా దాని మీద లేవు. వేషం పూర్తిగా ఉండాలి కదా. పక్కనే ఉన్న గిన్నెల్లోంచి వేలితో అద్ది, నేనే బొట్లు పెట్టాను. మూడు పసుపువి, మూడు కుంకుమవి, సమాన దూరంలో.

అవి సారె డబ్బాలు. సున్నుండలు, అరిసెలు, మైసూర్‌పాకు, చలిమిడి, జంతికలు. పెళ్ళికూతురితో పాటు అత్తవారింటికి వెళ్ళి, అక్కడ వీధి వీధంతా పంచబడేవి. ఈ సంగతి నాకు తెలియక కాదు. పుట్టిన దగ్గర్నుంచీ తింటున్నాను. నా పట్టికలో లేదు, అంతే.

మధ్యాహ్నం వదినను పంపించేటప్పుడు నేను చిన్న లెన్సుతో, ఇంకో ఖాళీ కార్డుతో వీధిలో వెనక్కి నడుస్తూ ఫోటోలు తీస్తున్నాను. వ్యానులోకి డబ్బాలు ఎక్కుతుంటే అవి కూడా తీశాను. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. మూడో వరసలో, మిగతా వాటికన్నా చక్కగా బొట్లు పెట్టి ఉన్నదే నా డబ్బా. చీపురుపల్లి వెళ్ళే ఆ వ్యాను మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను.

తర్వాత సామాన్ల గదికి వెళ్తే నేల కనిపించింది.

"అత్తా, ఇక్కడ డబ్బా ఒకటి..."

"అన్నీ ఎల్లిపోనాయిరా," అంది అత్తయ్య. "పదే సేసినాం, సరి సంఖ్య అయిపోనాదని పొద్దున్నించీ నా గుండి కొట్టుకుంతన్నాది. ఎత్తినప్పుడు లెక్కెడితే పదకొండు! మీ అమ్మ తెచ్చినాదేమో అనుకున్నాను. ఏటిరా, అలగున్నావు?"

చెప్పాను. అత్తయ్య నోటి మీద చెయ్యి వేసుకుంది. పెళ్ళికూతురి అన్నయ్య, మా బావ, అన్నం తింటున్నవాడు చెయ్యి కడుక్కోకుండానే బండి తాళం తీశాడు.

దారిలో బావ వెనక కూర్చుని గట్టిగా లెక్కలు వేశాను. గుంతకు ఎంత కుదుపు, స్పాంజి ఎంత ఓర్చుకుంటుంది, డబ్బా అడుగున ఉందా పైనుందా, పంచడం ఏ చివర నుంచి మొదలుపెడతారు. బావ చాలాసేపు విన్నాడు.

"లెన్సు సరే. పెళ్ళి ఫోటోలు?"

"అవీ అందులోనే."

"మరి ఆ ముక్క ఇంతవరకూ నీ నోట్లోంచి రానేదేటిరా?"

లెన్సు పోతే మళ్ళీ కొనొచ్చు. తాళి మళ్ళీ కట్టించలేం, మావయ్యను మళ్ళీ నవ్వించలేం. అది నాకు బావ వీపు వెనక, సగం దారిలో తట్టింది.

చీపురుపల్లిలో పెళ్ళికొడుకు ఇంటి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. పంపకం ఆగిపోయింది. వదిన కొత్త చీరలో తలవంచుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆమె తల వంచడం నేనెప్పుడూ చూడలేదు. నా డబ్బా ఒక్కటే వాకిట్లో, దూరంగా, మూత తీసి ఉంది. లోపలి నల్లగుడ్డ బయటకు వేలాడుతోంది.

పెళ్ళికొడుకు నాయనమ్మ అరుగు మీదనుంచి అడుగుతోంది: "పుట్టింటి సారెలో నల్లగుడ్డ ఎట్టి పంపుతారా, అమ్మా? మీ వోళ్ళకి ఆనవాయితీలు నేవా? లోపల సూత్తే నల్లటి గొట్టం. దానడుగున పొట్లాలు. ఏటవి, మందు పెట్టినారా?"

వదిన నన్ను చూసింది. ఆ చూపుకు నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను. దాక్కోవడానికి బావ వెనక కొంచెం చోటుంది గానీ, బావే పక్కకు జరిగాడు.

"ఆ డబ్బా నాది, మామ్మా," అన్నాను. "కెమెరాది. దొంగలు పట్టుకుపోకుండా మిఠాయి డబ్బాలాగా ఉంటుందని నేనే అలా చేశాను."

"మరి బొట్లు?"

"అవీ నేనే పెట్టాను."

ముందు నవ్వింది ముసలమ్మే. "దొంగ రానేదు గానీ, నువ్వే మా ఇంటికి అప్పసెప్పేసినావు!" దాంతో అందరూ నవ్వారు. వదిన తల ఎత్తింది. "ఒరే మరిదీ, నీకు పెళ్ళయినప్పుడు నీ పెళ్ళాన్ని ఏ డబ్బాలో దాస్తావురా?"

నేను డబ్బా దగ్గరకు పరుగెత్తాను. లెన్సు అద్దం మీద పసుపు చుక్కలు. దోషం పోవాలని ముసలమ్మ మామిడాకుతో పసుపునీళ్ళు చల్లిందట. వాన, తుంపర, చెమట, కొబ్బరినీళ్ళు, సాంబారు. పసుపునీళ్ళు నాకు తట్టలేదు. స్పాంజి గాడిలో కార్డుల పెట్టె పొడిగా ఉంది. అందరి ముందే కార్డు కెమెరాలో వేసి చూశాను. తాళి ఉంది. తలంబ్రాలు ఉన్నాయి. వదిన వచ్చి నా భుజం మీంచి తొంగి చూసి, నవ్వుతున్న వాళ్ళ నాన్నను చూడగానే కెమెరా నా చేతుల్లోంచి లాక్కుంది. ఏ మెడపట్టీ లేకుండా, పసుపు చేతులతో. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆమె ఆ ఒక్క ఫోటో దగ్గరే చాలాసేపు ఉండిపోయింది.

బయల్దేరుతూ డబ్బా ఎత్తబోతే ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"సారెగా వచ్చిన డబ్బా పుట్టింటికి తిరిగెళ్ళకూడదు బాబూ. అదిప్పుడు మాది. నీ గొట్టం నువ్వట్టుకుపో."

నా పట్టికలో అత్యంత భద్రమైన వస్తువు ఆ సాయంత్రం చీపురుపల్లి నుంచి పొందూరు దాకా, బావ భుజం మీది ఖద్దరు కండువాలో చుట్టుకుని, నా ఒడిలో వచ్చింది. దానికేమీ కాలేదు. జూమ్ తిప్పే రింగు గాళ్ళలో పసుపు మాత్రం ఇంకా పోలేదు.

మర్నాడు అత్తయ్య మళ్ళీ సున్నుండలు చుట్టింది. పదకొండు లెక్క నిలవాలి కదా. అవి తీసుకెళ్ళి ఆ డబ్బాలో నింపి రావలసింది ఎవరో చెప్పక్కర్లేదు. స్పాంజి నేనే పీకాను.

ఇప్పుడు వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా వదిన ఆ డబ్బాలోంచే జంతికలు తీసి పెడుతుంది. మెత్తబడడం అన్నది ఉండదు. నేను సీరియస్‌గా ఏరి కొన్న డబ్బా అది, మూత అంత బిగుతు.