ఇద్దరు ఆయనలు, ఒక ఎల్లుండి

రెండువేల తొలి ఏళ్లలో నేను రాజమండ్రి దగ్గర ఒక వ్యవసాయ కేంద్రంలో పనిచేసేదాన్ని. ఢిల్లీలో పెద్ద కంప్యూటరు లెక్కకట్టిన వాతావరణ అంచనా మాకు ఫ్యాక్సులో వచ్చేది. దాన్ని దిద్ది రైతులకు చెప్పడం నా ఉద్యోగం. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఆ కంప్యూటరు దేశాన్నంతా పెద్ద పెద్ద గడులుగా చేసుకుని చూసేది. మా గడిలో సగం పొలాలు, సగం సముద్రం. దానికి ఆ తేడా పట్టేది కాదు, నీళ్ల మీద పడాల్సిన వాన కూడా మా చేల మీదే పోసేసేది. వెనకటి ఏళ్లలో అది ఎంత పడుతుందని చెప్పింది, నిజంగా ఎంత పడింది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఆ తప్పుకి ఒక వరస కనిపించేది. ఆ వరసను ఒక సమీకరణంగా రాసుకుని, వచ్చిన అంకెను దాని ప్రకారం తగ్గించి చెప్పేదాన్ని. ఎప్పుడూ ఒకేలా తప్పు చెప్పేవాళ్లతో నిజానికి పేచీ లేదు.

కోతల రోజుల్లో ఫోను మోగుతూనే ఉండేది. కోసి చేలో పరిచిన వరి పనలు తడిస్తే గింజ మొలకెత్తిపోతుంది, అదీ వాళ్ల భయం.

“కంప్యూటరు గారు ఏమంటున్నారండీ? చేను పనల మీదుందండి. కుప్పేసెయ్యమంటారా?”

మా వైపు ‘గారు’ తగిలించకుండా ఎవరినీ వదలరు. నేనూ అదే మర్యాదలో, “ఆయన గట్టి వానంటున్నారండి, నేను జల్లే అంటున్నాను” అనేదాన్ని. పక్క సీటావిడ ఊరుకునేది కాదు. “ఏ ఆయనండీ? ఇక్కడి ఆయనా, ఇంట్లో ఆయనా?” అని ఏడిపించేది.

ఇంట్లో ఆయన అసలు ఇంట్లో ఉంటేగా. కాకినాడకి ఎదురుగా, సముద్రం మధ్యలో గ్యాసు కోసం తవ్వే రిగ్గు మీద ఉద్యోగం ఆయనది. ఒడ్డుకి రావాలంటే గాలి అనుకూలించి హెలికాప్టరు ఎగరాలి, ఆయన బదులు పనిచేసే మనిషి అక్కడికి చేరాలి. ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట: “ఎల్లుండికల్లా వచ్చేస్తాను.” వచ్చేది ఆ ఎల్లుండికి ఇంకో రెండు రోజులు పోయాక. అబద్ధమాడే మనిషి కాదు. రావాలన్న ఆత్రమే ఆయన చేత అలా అనిపించేది.

పెళ్లైన కొత్తలో ఆ మాట నమ్మి, చింతచిగురు వేసి రొయ్యలు వండి, వీధి గుమ్మంలో కూర్చునేదాన్ని. కూర పాడయ్యేది, నాకు ఏడుపొచ్చేది. కొన్నాళ్లకి ఆఫీసు తెలివి ఇంట్లోనూ వాడాను. ఆయన ఎల్లుండి అంటే రెండు రోజులు కలుపుకుని అప్పుడే రొయ్యలు తెప్పించేదాన్ని. ఆయన గుమ్మమెక్కేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది.

“ఇవాళ వస్తానని నీకెవరు చెప్పారు?” అని అడిగారొకసారి.

“మీరేగా చెప్పారు. నేను దిద్దుకున్నాను.”

నవ్వారు గానీ, ఆ మాట ఎక్కడో తగిలినట్టుంది.

ఒక ఏడు ఢిల్లీలో కంప్యూటరు లెక్కగట్టే పద్ధతే మార్చేశారు. కొత్తది పాతదానికంటే మేలైనదే. కానీ దాని తప్పులు వేరు. నా పాత సమీకరణంతో దిద్దబోతే బాగున్న అంకె కూడా చెడిపోయేది. కొత్త తప్పులు తగినన్ని పోగుపడేదాకా ఆగడమే మార్గం. ఫోను చేసిన రైతులకు “ఇప్పుడే గట్టిగా చెప్పలేనండి” అనాల్సి వచ్చినప్పుడల్లా ప్రాణం చివుక్కుమనేది.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఆయనా మారారు. ఎప్పుడొస్తారంటే, “చెప్పలేను. నేను తప్పు చెప్పడం, నువ్వు దిద్దుకోవడం, ఎందుకదంతా?” అన్నారు. న్యాయమైన మాటే. కానీ ఆ రోజు నుంచి ఇల్లు బావురుమంది. రెండు రోజులు కలుపుకోవడానికి నా చేతిలో ఏ రోజూ లేదు. రిగ్గు వాళ్లని దింపే మా ఊరి విమానాశ్రయం వైపు హెలికాప్టరు చప్పుడైతే చాలు, చేస్తున్న పని వదిలేసి డాబా ఎక్కేదాన్ని. అది ఎవరి ఆయన్నో తెచ్చేది.

చివరికి ఒకరోజు ఫోనులో అడిగేశాను. “తప్పైనా ఫర్వాలేదండీ. నాకొక రోజు చెప్పండి.”

గాలి హోరులోంచి ఆయన గొంతు వినిపించింది.

“సరే. ఎల్లుండికల్లా వచ్చేస్తాను.”

ఈసారి నేనేమీ కలపలేదు. ఆ ఎల్లుండికే చింతచిగురు వేసి రొయ్యలు వండాను, ఇద్దరికీ అన్నం వార్చాను, పాత రోజుల్లోలాగే గుమ్మంలో కూర్చున్నాను. నా లెక్క ఈ ఒక్కసారి తప్పితే బాగుండునని ఆ సాయంత్రమంతా ఎంత కోరుకున్నానో చెప్పలేను.

తప్పలేదు. ఆయన ఇంకో రెండు రోజులకి వచ్చారు.